రాయగడ శివారు ఇళ్ళన్నీ గంజాయి డబ్బేనా?

ఒడిశాలోని మా రాయగడ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "శివార్లలో లేచిన కాలనీలన్నీ గంజాయి డబ్బే. నిజంగా పేదవాళ్ళైతే ప్లాటెలా కొంటారు? 2023లో చట్టం మారింది, గిరిజన భూమి ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆ అక్రమ ఇళ్ళ మీదికి బుల్డోజరు పంపితే ఊరు బాగుపడుతుంది." చదువుకున్నవాళ్ళే పంపుతున్నారు మరి.

ముందు చట్టం సంగతి. ఆ మెసేజ్ మాట నమ్మితే డబ్బు పోతుంది. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనులకు రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. గిరిజన భూముల బదిలీపై ఉన్న 1956 నాటి రెగ్యులేషన్‌ను 2002లో సవరించాక ఇక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులకు అమ్మడం చెల్లదు. సబ్‌కలెక్టర్ అనుమతితో అమ్ముకోనివ్వాలని 2023 నవంబరులో మంత్రివర్గం నిర్ణయించిన మాట నిజమే. గొడవ కావడంతో దాన్ని ఆపేశారు. బ్రోకర్లు మొదటి వార్తే చూపిస్తారు.

పేదవాళ్ళు ఎలా కొంటారా? అప్పుతో. మా పిన్ని టిఫిన్ బండి నడుపుతుంది. అద్దె కట్టలేక ఊరి చివర రెండు సెంట్లు అగ్రిమెంటు మీద కొంది. రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి హక్కు రాదు, పట్టా లేదు కాబట్టి బ్యాంకు ఇంటి లోను ఇవ్వదు. బయానాకి గొలుసు కుదువ పెట్టింది. పునాదికి గ్రూపు లోను, గోడలకు ఇంకో కంపెనీ గ్రూపు లోను, రేకులకు నూటికి ఐదు వడ్డీ. ఇలాంటి లోన్ల కిస్తీలన్నీ కలిపి కుటుంబం నెల ఆదాయంలో 50 శాతం దాటకూడదని 2022 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. కానీ వడ్డీవ్యాపారి దగ్గరి నోటు, ఎవరికెంత అప్పుందో లెక్క ఉంచే క్రెడిట్ బ్యూరోలో కనబడదు కదా! మంగళవారం కలెక్షన్ అంటే పిన్నికి సోమవారం రాత్రి నుంచే టెన్షన్. ఆ మెసేజ్ చూపిస్తే, "గంజాయి డబ్బే ఉంటే రేకులెందుకురా, స్లాబే వేసుండేదాన్ని" అంది.

అక్కడి ఇళ్ళు సగం సగంగా ఉండడం అందుకే. ఒక్కో గోడకు ఒక్కో అప్పు. రోడ్డు, కాలువ ఎవరి లోనులోనూ లేవు. పిన్నికి ప్లాటు అమ్మిన బ్రోకరూ అప్పులోనే ఉన్నాడు. రైతుకు వడ్డీ డబ్బుతో అడ్వాన్సు ఇచ్చాడు, గడువులోగా మిగతాది కట్టాలి. లేఅవుట్ అనుమతి కోసం ఆగితే మునిగిపోతాడు. అందుకే పొలాన్ని ముక్కలు చేసి అమ్మేశాడు. అతన్ని వెనకేసుకొస్తున్నానని కాదు. ఊరు పొలాల్లోకి ఎందుకంత తొందరగా పాకుతోందో చెబుతున్నాను.

గంజాయి డబ్బు అసలే లేదని నేననను. చుట్టుపక్కల కొండల్లో సాగు ఉంది. లెక్క చూపలేని నగదు దాచడానికి భూమి అనువైనదే. కానీ అలాంటి డబ్బుకు ఇల్లు అవసరం లేదు. ప్రహరీ కట్టి ధర పెరిగేదాకా ఊరుకుంటే చాలు. పిన్ని వీధికి ముందు అలాంటి ఖాళీ ప్రహరీలు మూడున్నాయి. ఎవరివో ఎవరూ చెప్పరు. ఇల్లు కావలసినవాళ్ళు మాత్రం అవి దాటి ఇంకా అవతలికి పోవాల్సిందే. నేరం డబ్బుతో కొన్న ఆస్తిని జప్తు చేసే వీలు 1985 మత్తుమందుల చట్టంలోనే ఉంది. దానికి దర్యాప్తు కావాలి, బుల్డోజరు కాదు.

బుల్డోజరుకు ఇల్లు కూలుతుంది గానీ కిస్తీ కూలదు. పిన్ని ఇంకా చౌకగా, ఇంకా దూరంగా, మళ్ళీ అగ్రిమెంటు మీదే కొంటుంది. మురికివాడల వాళ్ళకు భూమి హక్కు ఇస్తూ ఒడిశా 2017లో చట్టం చేసింది, కానీ అది ప్రభుత్వ భూమిలో ఉన్నవాళ్ళకే. డబ్బిచ్చి కొన్న పిన్నికి అదీ లేదు.