తుంటి మార్పిడి: కంపెనీ పేరు కాదు, మిల్లీమీటర్లు అడగండి

తుంటి కీలు మార్పిడికి వెళ్లేవాళ్ల ప్రశ్నలు దాదాపు అందరివీ ఒకటే. ఏ కంపెనీది? సిరామిక్కా, మెటలా? కోత ఎన్ని అంగుళాలు? ఈమధ్య రోబో గురించి కూడా అడుగుతున్నారు. కొత్త కీలు మీద అడుగడుగునా ఎంత భారం పడబోతోందని మాత్రం అడిగేవాళ్లు అరుదు. అది చాలావరకు ఆపరేషన్ టేబుల్ మీదే, కొద్ది మిల్లీమీటర్ల తేడాలో ఖరారైపోతుంది.

కావడిని తలచుకోండి. 60 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే, నేల మీదున్న ఆ కాలి బరువు పోను తుంటి మోయాల్సింది సుమారు 50 కిలోలు. ఆ బరువు కీలు కేంద్రానికి 10 సెంటీమీటర్లు లోపలివైపు వేలాడుతుందనుకుందాం. నడుము అటు ఒరిగిపోకుండా ఇవతల లాగిపట్టేది పిరుదు పక్కనున్న గ్లూటియస్ మీడియస్ కండరం. దానికి దక్కిన బద్ద 5 సెంటీమీటర్లే. పొట్టి కొసన ఉన్నది రెట్టింపు లాగక తప్పదు, అంటే 100 కిలోలు. భుజం మీద రెండు తట్టల బరువూ పడ్డట్టే కీలు మీద 150 కిలోలు పడతాయి. జర్మన్ సర్జన్ ఫ్రీడ్రిష్ పావెల్స్ చూపిన తర్కం ఇదే. తర్వాత బెర్లిన్‌లో బెర్గ్‌మాన్ బృందం సెన్సార్లు పెట్టిన కీళ్లను రోగులకు అమర్చి కొలిస్తే, మామూలు నడకలో శరీర బరువుకు రెండున్నర రెట్లకు కాస్త అటూ ఇటూగా తేలింది. కాలు తడబడి తూలిన క్షణంలో అది ఎనిమిది రెట్లు దాటింది.

ఇక్కడ కండరం వైపు బద్ద 5 నుంచి 4 సెంటీమీటర్లకు తగ్గిందనుకోండి. కండరం 125 కిలోలు లాగాలి, కీలు మీద 175 పడతాయి. కీలు బంతి కేంద్రం నుంచి తొడ ఎముక నిలువు గీత దాకా ఉండే అడ్డదూరాన్ని ఆఫ్‌సెట్ అంటారు. అది తగ్గినప్పుడు జరిగేది ఇదే: కుంటు, త్వరగా అలసట, బంతి కూర్చునే కప్పులోని ప్లాస్టిక్ పొర (లైనర్) అరుగుదల, కీలు జారే ముప్పు. కప్పును ఒక సెంటీమీటరు లోపలికి దించి, అంతమేర ఆఫ్‌సెట్ పెంచితే కొలతలు 9, 6 అవుతాయి. అప్పుడు కండరానికి 75, కీలుకు 125 చాలు. 1962లో ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్‌లో జాన్ చార్న్‌లీ ఈ లెక్కనే నమ్ముకుని కప్పును లోపలికి దించారు, తొడ ఎముక పైకొసన ఆ కండరం అతికే ట్రోకాంటర్ ఎముకను కోసి పక్కకు జరిపి బిగించారు. కోసిన ఎముక కొందరిలో అతుక్కోకపోవడం, కప్పు కోసం లోపలి ఎముకను ఎక్కువగా తొలచాల్సి రావడం వల్ల ఆ పద్ధతి వెనకబడింది. లెక్క మాత్రం నిలిచింది.

నా దృష్టిలో ఎక్కువ పొరపాట్లు ఈ ఆఫ్‌సెట్ దగ్గరే. కీలు వదులుగా తోస్తే చేతికందే ఉపాయం, పొడవు మెడ ఉన్న హెడ్ (బంతి). కానీ తొడ ఎముకలోకి దించే కాడ (స్టెమ్)కు, మెడకు మధ్య కోణం 135 డిగ్రీలైతే, మెడ 4 మిల్లీమీటర్లు పెరిగితే ఆఫ్‌సెట్‌తోపాటు కాలు పొడవూ దాదాపు 2.8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలు సాగకుండా ఆఫ్‌సెట్ కావాలంటే అడ్డదూరం ఎక్కువగా ఉండేలా చేసిన హై ఆఫ్‌సెట్ స్టెమ్ వాడాలి. అలాగని అతి చేస్తే స్టెమ్ మీద వంపు ఒత్తిడి పెరుగుతుంది, తుంటి బయటివైపు నొప్పి రావొచ్చు. దీనికి ముందే ఎక్స్‌రే మీద కొలత వేసుకోవాలి. రెండు కాళ్లనూ 15 డిగ్రీలు లోపలికి తిప్పి, పక్కన కొలత తెలిసిన లోహపు గోళీ పెట్టి తీయాలి. అరిగిన తుంటి తరచూ బయటికి తిరిగి బిగుసుకుని ఉంటుంది కాబట్టి ఫిల్మ్‌లో ఆఫ్‌సెట్ తక్కువగా కనిపిస్తుంది. అవతలి తుంటి బాగుంటే దాన్నే కొలబద్దగా తీసుకోవడం మేలు.

సర్జన్ కీలు దగ్గరికి వెళ్లే దారి పిరుదు పక్క కండరం బలాన్ని కూడా మారుస్తుంది. పక్క నుంచి వెళితే గ్లూటియస్ మీడియస్ ముందు భాగాన్ని విడదీయాలి. చీలిక ట్రోకాంటర్ కొనకు 5 సెంటీమీటర్లు పైకి పాకితే దాని నరానికే ఎసరు. వెనక నుంచి వెళితే ఆ కండరం భద్రం, కానీ తొడను తిప్పే చిన్న కండరాలు తెగుతాయి. వాటిని, కీలును చుట్టి ఉండే క్యాప్సూల్ పొరను తిరిగి కుట్టకపోతే కీలు వెనక్కి జారొచ్చు. ముందు నుంచి వెళ్లేది కండరాల సందులోంచే. తొలి వారాల్లో నడక తేలిక, తొడ ఎముకలో స్టెమ్ దించడం మాత్రం కష్టం. ఏ దారైనా ఆఫ్‌సెట్ పోగొడితే చిన్న కోత ఆ నష్టాన్ని పూడ్చదు.

బలం ఎంతో ఒక్కటే కాదు, ఎంత జాగా మీద పడుతోందన్నదీ చూడాలి. కప్పు వాలు 40 డిగ్రీలకు, ముందుకు తిరుగుడు 15 డిగ్రీలకు అటూ ఇటూ 10 దాకా ఉండొచ్చన్నది 1978లో లెవినెక్ బృందం ఇచ్చిన కొలత. కప్పు మరీ నిటారుగా కూర్చుంటే భారమంతా అంచు మీదే పడుతుంది. 2010లో వెనక్కి తీసుకున్న డీపూ కంపెనీ ఏఎస్ఆర్ మెటల్ కీళ్లలో కప్పు లోతే తక్కువ. అందుకే కొద్ది తేడాకే అంచు ఒరుసుకుని కోబాల్ట్, క్రోమియం రక్తంలోకి చేరాయి. బాధితులకు 30 లక్షల నుంచి 1.23 కోట్ల రూపాయల పరిహారాన్ని కేంద్రం ఖరారు చేసింది 2018లో. గొంతుకూర్చుని లేచే అలవాటున్న మనవాళ్లకు ఇంకో సంగతి: తుంటి బాగా ముడుచుకున్నప్పుడు స్టెమ్ మెడ కప్పు అంచుకు తగిలి, గునపంలా బంతిని బయటికి పెకలించగలదు. కూర్చునే అలవాట్లేమిటో సర్జన్‌కు ముందే చెప్పాలి.

ఆపరేషన్ తర్వాత భారం తగ్గించే చవకైన సాధనం చేతికర్ర. పై 60 కిలోల మనిషే కీలుకు 40 సెంటీమీటర్ల దూరంలో కర్రను 8 కిలోల బలంతో నొక్కితే, లెక్క ప్రకారం 150 కాస్తా 78కి దిగుతుంది. నడకలో అంత తగ్గకపోయినా లాభం లాభమే. అయితే కర్ర ఉండాల్సింది ఆపరేషన్ కాని వైపు చేతిలో.