కాలువ కట్టారు సరే, నీళ్లు ఎక్కడికి పోవాలి?

ఏ పల్లెలోనైనా పంచాయతీ పనుల బోర్డు చూడండి. ‘సీసీ డ్రైన్ నిర్మాణం, ఫలానావారి ఇంటి నుంచి ఫలానావారి ఇంటి వరకు’ అని ఉంటుంది. ఎన్ని మీటర్లు, ఎంత అంచనా, ఏ పథకం, ఎవరి హయాం, అన్నీ రాస్తారు. ఆ రెండో ఇల్లు దాటాక నీళ్లు ఏమవుతాయో మాత్రం ఏ బోర్డూ చెప్పదు. చాలాసార్లు ఎస్టిమేట్‌లోనూ ఉండదు. మన ఊళ్ల మురుగు కష్టాలకు నిధుల కొరత కంటే, జనానికి శుభ్రత తెలియకపోవడం కంటే, ఇదే పెద్ద కారణమని నేననుకుంటాను. కాలువను కాంక్రీటు పనిగా చూస్తున్నాం తప్ప నీళ్లు పోయే దారిగా చూడటం లేదు. పైగా అందులోకి రావాల్సిన అవసరమే లేని నీళ్లను కూడా తెచ్చి అందులోకే తోలుతున్నాం.

చిన్న లెక్క వేద్దాం. రెండు వేల జనాభా ఉన్న ఊరు. మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలన్నది 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ప్రమాణం. తెలంగాణలో మిషన్ భగీరథ పల్లెలకు పెట్టుకున్న లక్ష్యం 100 లీటర్లు. తక్కువదే తీసుకున్నా ఊరికి రోజుకు లక్షా పది వేల లీటర్లు వస్తాయి. ఇంటికొచ్చిన నీళ్లలో 80 శాతం దాకా వాడిన నీళ్లుగా బయటికి పోతాయని ఇంజనీర్లు లెక్కగడతారు. అంటే 88 వేల లీటర్లు, రోజూ, ఎండాకాలమైనా వానాకాలమైనా.

ఇప్పుడు వాన సంగతి. అదే ఊళ్లో ఇళ్లున్న మేర పాతికెకరాలు అనుకుందాం. గంటలో ఐదు సెంటీమీటర్ల వాన పడితే ఆ పాతికెకరాల మీద పడే నీళ్లు సుమారు 50 లక్షల లీటర్లు. మట్టి వీధులు పోయి సిమెంటు రోడ్లు, డాబాలు వచ్చిన ఊళ్లో అందులో 60 శాతం పారిందనుకున్నా 30 లక్షల లీటర్లు. నెల రోజుల పాటు ఇళ్లలో వాడే నీళ్లు ఒక్క గంటలో వీధిన పడ్డట్టు.

ఈ రెండు నీళ్లకూ ఒకే కాలువ కడితే ఏమవుతుంది? వానకు సరిపడేంత వెడల్పు కడితే, మిగతా పది నెలలూ ఇంటి నీళ్లు అడుగున సన్నటి చారలా కదలక పడుంటాయి. కాలువ తనను తాను కడుక్కోవాలంటే నీళ్లు సెకనుకు అర మీటరు పైచిలుకు వేగంతో పారాలి. అంట్ల నీళ్లకు, స్నానాల నీళ్లకు ఆ వేగం ఎక్కడిది? ఇసుక, బూడిద, షాంపూ ప్యాకెట్లు, మెతుకులు అడుగున పేరుకుంటాయి. ఆ మురుగులోనే క్యూలెక్స్ దోమ గుడ్లు పెడుతుంది. కోస్తా జిల్లాలనూ, నల్గొండ వైపు పల్లెలనూ తరాల తరబడి పీడించిన బోదకాలును మోసుకొచ్చేది ఈ దోమే. అలా కాకుండా ఇంటి నీళ్లకు సరిపడేంత ఇరుకుగా కడితే మొదటి పెద్ద వానకే పొంగి, ఆ మురుగంతా గడప లోపలికి వస్తుంది. మన ఊళ్లలో సాధారణంగా కట్టేది ఈ రెండూ కాదు. ఉన్న డబ్బుకు, ఉన్న జాగాకు ఎంత పడితే అంత.

అంచనాలు తయారయ్యే తీరులోనే చిక్కుంది. టెండర్ల బాధ లేకుండా నామినేషన్ మీద ఇవ్వడానికి పనిని చిన్న చిన్న బిట్లుగా కోస్తారు. ఒక బిట్టు ఒక వార్డు మెంబరుకు, ఇంకో బిట్టు ఇంకో పెద్దమనిషి మనిషికి. ఒక్కో బిట్టుకు ఎవరి లెవెల్ వారిదే. రెండు బిట్లు కలిసే చోట ఒక కాలువ అడుగు రెండోదాని కంటే జానెడు కిందికి ఉంటుంది. అక్కడ నీళ్లు ఆగుతాయి. ఆగిన చోట పంచాయతీ కార్మికుడు పారతో పూడిక తీసి గట్టున పోస్తాడు. ట్రాక్టరు వచ్చి ఎత్తుకెళ్లేలోపు వాన పడితే ఆ మట్టి మళ్లీ కాలువలోకే జారుతుంది. ఇక ఇళ్ల ముందు బండి ఎక్కించుకోవడానికి కట్టుకున్న ర్యాంపులు, పరిచిన కడప బండలు ఉండనే ఉన్నాయి. వాటి కింద పారే కాదు, చెయ్యి కూడా దూరదు. రెండేళ్లకు అక్కడ కాలువ ఉందన్న సంగతి కూడా కొత్తవాళ్లకు తెలియదు.

రోడ్ల కథ ఇంకో రకం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో మొదలుపెట్టిన పల్లె పండుగ కింద ఉపాధి హామీ నిధులతో 3,000 కిలోమీటర్ల సీసీ రోడ్లు వేయాలనుకున్నారు. అంతకు ముందు ప్రభుత్వాలూ వేశాయి, తెలంగాణలోనూ వేశారు. బురదలో నడిచిన వాళ్లకు రోడ్డు విలువ తెలుసు, ఆ పనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ పాత రోడ్డును తవ్వకుండా దానిమీదే కొత్తది పోయడం మామూలైపోయింది. ఒక్కోసారికి ఆరేడు అంగుళాలు లేస్తుంది. ఇరవై ఏళ్ల కింద మూడు మెట్లెక్కి లోపలికెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్తున్నారు. ఉన్నవాళ్లు ఇల్లు పడగొట్టి ఎత్తులో కట్టుకుంటారు. లేనివాళ్లు వాన మొదలవగానే గుమ్మానికి ఇసుక సంచులు అడ్డం పెట్టుకుంటారు. రోడ్డు ఎస్టిమేట్‌లో ఇళ్ల గడపల ఎత్తు ఒక కాలమ్‌గా ఉండాలని ఏ పథకమైనా అడిగిందా?

కాలువ చివర ఎవరుంటారన్నది కూడా చూడాలి. చాలా ఊళ్లలో పల్లం వైపు ఉన్నది దళితవాడ. పై వీధుల్లో కాలువ కట్టడమంటే, అంతకు ముందు ఎక్కడి నీళ్లు అక్కడే ఇంకే మురుగును పోగుచేసి కింది వీధి మొదట్లో వదిలేయడమే. కాగితం మీద అది అభివృద్ధి పని. కింది వీధి వాళ్లు అడ్డుకుంటే గొడవ అంటారు, పంచాయితీ పెడతారు. ఆ వాడ దాటితే ఊరి కుంట, లేకపోతే హైస్కూలు ఆటస్థలం. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులు నిలుపుకున్న నేలలో ఇవాళ చెరువులోకి వెళ్లే కాలువల్లో నడిచేది ఎక్కువగా మురుగే. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడిక తీసింది, కట్టలు బాగుచేసింది. ఊళ్లోంచి వచ్చే మురుగు కాలువ మాత్రం చాలాచోట్ల అలాగే చెరువులోకి పోతోంది.

అన్నిటికంటే ప్రమాదకరమైంది మరుగుదొడ్డి పైపు. స్వచ్ఛ భారత్ చెప్పింది రెండు చిన్న గుంతల మరుగుదొడ్డి. ఒకటి నిండితే రెండోదానికి మళ్లించి, మొదటిదాన్ని ఏడాది రెండేళ్లు వదిలేస్తే అందులోది ఎరువవుతుంది. మనవాళ్లకు అది నచ్చలేదు. ‘ఇంత చిన్న గుంత ఏం సరిపోతుంది’ అని పెద్ద సెప్టిక్ ట్యాంకు కట్టారు, కట్టినందుకు గర్వపడ్డారు కూడా. ట్యాంకు నుంచి బయటికొచ్చే నీళ్లు ఇంకడానికి మరో గుంత ఉండాలి. దానికి జాగా లేదు, లేదా డబ్బు చాల్లేదు. ఎదురుగా పంచాయతీ కాలువ ఉంది. రాత్రికి రాత్రి నాలుగంగుళాల పైపు కాలువ గోడలోకి దూరింది. అదే కాలువ గోడ పక్కనుంచి, కొన్నిచోట్ల కాలువ మధ్యలోంచే, కుళాయికి వెళ్లే అరంగుళం పైపు పోతుంది. నీళ్లు రోజుకు గంటో రెండు గంటలో వదులుతారు. మోటారు కట్టేశాక పైపులో ఒత్తిడి ఉండదు. జాయింటు దగ్గర సన్న చీలిక ఉన్నా చుట్టూ ఉన్న మురుగు లోపలికి పోతుంది. మర్నాడు పొద్దున మొదటి బిందెలోకి వచ్చేది అదే.

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి జనం వరసగా ఆస్పత్రి పాలయ్యారు. కొందరి ప్రాణాలు పోయాయి. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఆ ఊరికి వెళ్లారు. ఎంతమంది చనిపోయారన్నదాని మీద రోజుల తరబడి వాదన నడిచింది. తాగునీటి నాణ్యత మీదా, చంపావతి నది పక్కన బహిర్భూమి మీదా చర్చ జరిగింది. ఆ తర్వాత ఎప్పటిలాగే క్లోరిన్ బిళ్లలు, వైద్య శిబిరం. ఇలాంటప్పుడు చూడాల్సినవి రెండే. కుళాయి పైపు కాలువను ఎన్ని చోట్ల దాటుతోంది, మరుగుదొడ్డి పైపులు ఎన్ని కాలువలో కలుస్తున్నాయి. ఆ లిస్టు ఎన్ని పంచాయతీల్లో ఉంది?

వాడిన నీళ్లను వీధిలోకి రానివ్వకపోవడమే చవకైన దారి. ఇది కొత్త సంగతేం కాదు. పెరట్లో తొట్టి దగ్గర నీళ్లు అరటి పాదులోకి, మునగ చెట్టు మొదట్లోకి పోయిన ఇళ్లు మనందరికీ తెలుసు. పెరడు లేని ఇంటికి ఇంకుడు గుంత. మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా టెంభుర్ణి అనే ఊళ్లో ఇంటింటికీ గుంత తవ్వి వీధి కాలువ అవసరమే లేకుండా చేసుకున్నారు. దోమలు తగ్గాయన్న పేరొచ్చాక ‘నాందేడ్ పద్ధతి’ అని మిగతా రాష్ట్రాల వాళ్లు చూడ్డానికి వెళ్లారు. తెలంగాణలో సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్ ఇలాగే పేరు తెచ్చుకుంది. నాందేడ్ గుంతలో తెలివంతా మధ్యలో పెట్టే సిమెంటు తొట్టిలో ఉంది. దాని పైభాగంలో రంధ్రాలు ఉంటాయి. మడ్డి అడుగున తేరుకుంటుంది, పైన తేటనీళ్లు రంధ్రాల్లోంచి చుట్టూ ఉన్న రాళ్లలోకి వెళ్లి ఇంకుతాయి. మూత తీసి మడ్డి ఎత్తేస్తే చాలు.

మన దగ్గర ప్రచారాల్లో తవ్విన ఇంకుడు గుంతలు చాలావరకు ఎందుకు చెడిపోయాయో దీన్నిబట్టే అర్థమవుతుంది. గుంత తవ్వారు, రాళ్లు పోశారు, ఫొటో తీసి అప్‌లోడ్ చేశారు. మడ్డి ఆపే తొట్టి పెట్టలేదు. అంట్ల నీళ్లలోని నూనె, మెతుకులు రాళ్ల మధ్య అతుక్కుని ఏడాది రెండేళ్లలో గుంత మూసుకుపోయింది. ‘ఇవి మన దగ్గర పనిచెయ్యవు’ అన్న మాట మిగిలింది. బిల్లు అయిపోయిన గుంతను మళ్లీ ఎవరూ తెరిచి చూడరు మరి.

నిజంగానే పనిచెయ్యని చోట్లు కూడా ఉన్నాయి. నల్లరేగడి నేలలో నీళ్లు ఇంకడం చాలా నెమ్మది, తడిసిన రేగడి ఉబ్బి దారులు మూసేస్తుంది. కోనసీమలోనూ కృష్ణా డెల్టా చివరి మండలాల్లోనూ రెండు గడ్డపార పోట్లకే నీళ్లు పడే ఊళ్లున్నాయి. అక్కడ గుంత తవ్వడమంటే మురుగును నేరుగా భూగర్భ జలంలో కలపడమే. డెల్టాలో మంచినీళ్ల చెరువులు పంట కాలువలతో నిండుతాయి, ఆ కాలువ గట్ల మీద వరసగా ఇళ్లు, ఇళ్ల నుంచి పైపులు. ఇక్కడ వాడిన నీళ్లను కూడగట్టి ఊరి బయట శుద్ధి చేయక తప్పదు. దానికి కరెంటుతో నడిచే పెద్ద ప్లాంట్లు అవసరం లేదు. వరసగా రెండు మూడు కుంటలు, చివర మెట్ట తామర లాంటి మొక్కలు నాటిన గులకరాళ్ల మడి చాలు. పంజాబ్‌లో సంత్ బల్బీర్ సింగ్ సీచేవాల్ ఊళ్ల మురుగును కుంటల గుండా నడిపి పొలాలకు మళ్లించి చూపించారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మురుగు నీళ్లకు గిరాకీ ఉండదనుకునేవాళ్లు హైదరాబాద్ దాటాక మూసీ పొడవునా పెంచిన పశుగ్రాసాన్ని చూస్తే చాలు. శుద్ధి చేయని నీళ్లకే అంత గిరాకీ ఉంది. (ఆ గడ్డి తిన్న గేదె పాలు ఎవరు తాగుతున్నారన్నది వేరే వ్యాసం.)

డబ్బు లేదన్న మాట సగమే నిజం. స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశలో వాడిన నీళ్ల నిర్వహణకు ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊరికి మనిషికి 280 రూపాయలు, అంతకు మించిన ఊరికి 660 రూపాయల దాకా ఇవ్వొచ్చన్నారు. అందులో 30 శాతం పంచాయతీ ఆర్థిక సంఘం నిధుల్లోంచి పెట్టుకోవాలన్నారు. మన రెండు వేల జనాభా ఊరికి అది 5.6 లక్షలు. సీసీ డ్రైన్ కడితే ఒకటి రెండు వీధులు దాటదు. ఇంటింటి గుంతలకు ఉపాధి హామీ కూలి తోడైతే ఊళ్లో చాలా భాగం అయిపోతుంది. ఈ లెక్క తెలిసినవాళ్లు చిన్న ఊళ్లకు తక్కువ, పెద్ద ఊళ్లకు ఎక్కువ ఎందుకు పెట్టారో కూడా గ్రహిస్తారు. చిన్న ఊరు నీళ్లను ఇంటి దగ్గరే ఇంకించుకోవాలన్నదే ఆ నిబంధనల ఉద్దేశం. కానీ గుంతలో కాంట్రాక్టరుకు మిగిలేది లేదు, శంకుస్థాపన ఫలకానికి చోటూ లేదు.

నడిపే ఖర్చు మాత్రం నిజమైన సమస్యే. పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతాన్ని పారిశుద్ధ్యానికి, నీటికి కట్టేసింది. ఆంధ్రలో ఆర్థిక సంఘం డబ్బును కరెంటు బకాయిల కింద జమ కట్టేసుకున్నారని సర్పంచులు రోడ్డెక్కారు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు సర్పంచులే లేరు, ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. పూడిక తీసే కార్మికుడికి నెలల తరబడి జీతం రాకపోతే కాలువ ఎంత బాగా కట్టినా దండగే. అందుకే పూడిక తక్కువ పేరుకునే ఏర్పాటు కావాలి. ఇంటి నీళ్లు రాని కాలువను ఏడాదికి ఒకసారి, తొలకరికి ముందు తీస్తే సరిపోతుంది.

కొత్త కాలువకు తీర్మానం చేసే ముందు గ్రామసభ ఒక కాగితం అడగాలి. ఊరి ఎత్తుపల్లాల మ్యాపు, దానిమీద నీళ్లు చివరికి చేరే చోటు, ఆ చోటు ఎవరి జాగా అన్నది. అది తయారుచేయడం పెద్ద పనేం కాదు. మొదటి పెద్ద వానకు ఇద్దరు కుర్రాళ్లు గొడుగులేసుకుని వీధివీధీ తిరిగి నీళ్లు ఎటు పోతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో ఫోన్‌లో వీడియో తీస్తే సగం అయిపోయినట్టే. మిగతా సగం లెవెల్ మిషను పని. ఆంధ్రలో గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్లున్నారు, తెలంగాణలో మండలానికి పంచాయతీరాజ్ ఇంజనీర్లున్నారు. ఆ కాగితం జత చేయని ఎస్టిమేట్‌కు సాంకేతిక మంజూరు ఇవ్వొద్దని ప్రభుత్వం ఒక్క మెమో ఇచ్చినా చాలు. దానికి పైసా ఖర్చు లేదు.