పరీక్ష పెట్టాల్సింది వినేవాళ్లకే

"యాస ఎక్కువ, అర్థం కాదు" అని ఇంటర్వ్యూ బోర్డులు అభ్యర్థి ఇంగ్లిష్‌ను ఒక్క ముక్కలో తేల్చేస్తుంటాయి. అందులో ఆరోపణలు రెండు. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజం కానక్కర్లేదు. కెనడా పరిశోధకులు మన్రో, డెర్వింగ్ 1995లోనే వీటిని విడదీశారు. మాండరిన్ మాతృభాషగా ఉన్నవాళ్ల ఇంగ్లిష్ వినిపించి, విన్నది విన్నట్టు రాయమన్నారు. యాస ఎంతుందో, అర్థం చేసుకోవడం ఎంత కష్టమైందో 9 మెట్ల కొలమానం మీద విడివిడిగా గుర్తించమన్నారు. వాక్యాన్ని పొల్లుపోకుండా రాసినవాళ్లే దానికి 'యాస బాగా ఎక్కువ' అని మార్కు వేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. అంటే అర్థమైంది, నచ్చలేదు!

పరిశోధకుడు రూబిన్ 1992లో అమెరికా విద్యార్థులపై చేసిన ప్రయోగం ఇంకా ఘాటైనది. పాఠం ఒకటే, గొంతూ ఒకటే, అదీ అమెరికన్ గొంతే. కొందరికి తెల్లజాతి మహిళ ఫొటో చూపించారు, కొందరికి ఆసియా మహిళ ఫొటో. ఆసియా ముఖం చూసినవాళ్లకు లేని యాస వినిపించింది, పాఠమూ తక్కువే ఎక్కింది. ఇక ఉచ్చారణ ఎంత దిద్దుకుంటే ఏం లాభం?

విమానాశ్రయ టవర్‌లో మాట తేడా వస్తే ప్రాణాలు పోతాయి కదా అంటారు. నిజమే. కానీ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 6 భాషా ప్రావీణ్య స్థాయిల్లో కనీసార్హతగా పెట్టిన నాలుగోది కూడా మాతృభాష ప్రభావాన్ని ఒప్పుకుంటుంది. ఆ ప్రభావం అర్థం కావడానికి అప్పుడప్పుడు మాత్రమే అడ్డుపడొచ్చంటుంది, అంతే.

దిద్దాల్సినవి లేకపోలేదు. 'దిస్'ను 'డిస్' అంటే పెద్దగా నష్టం లేదు, అలా తారుమారయ్యే పదాలు కొన్నే. 'లైట్', 'రైట్' కలిసిపోతే చిక్కు. 'డెవలప్'లో రెండో అక్షరం మీద పడాల్సిన ఊనిక (నొక్కి పలకడం) మొదటిదాని మీద పడితే, వినేవాళ్లు ఆ పదం కోసం తడుముకుంటూ తర్వాతి మాటలు వదిలేస్తారు. ఉచ్చారణ తరగతులు మాత్రం 'దిస్' దగ్గరే నాలుక తిప్పిస్తుంటాయి.

అసలు మందు చెవికి వేయాలి. కొత్త యాస వినగానే చెవి తడబడుతుంది, కానీ ఆ వెనకబాటు ఒక్క నిమిషంలోనే చాలావరకు తగ్గుతుందని క్లార్క్, గారెట్ 2004లో చూపారు. ఒకే యాసలో పలువురి గొంతులు విన్నవాళ్లకు, అదే యాసలో మాట్లాడే కొత్తవాళ్ల మాటా తేలిగ్గా అందుతుందని 2008లో బ్రాడ్లో, బెంట్ తేల్చారు. కాబట్టి బోర్డు సభ్యులకు ముందే నాలుగైదు గొంతులు వినిపించండి. ఇంటర్వ్యూలో మొదటి రెండు నిమిషాలకు మార్కులు వేయొద్దు. 'అర్థమైందా?' గడిని 'యాస' గడి నుంచి వేరు చేయండి, రెండోదాన్ని తీసేసినా మునిగేదేం లేదు.

జరుగుతున్నది తలకిందులు. మాట్లాడుతుండగానే యాసను మార్చేసే సాఫ్ట్‌వేర్‌ను కాల్‌సెంటర్లకు అమ్ముతున్నారు. సర్దుకోవాల్సిన భారం ఎప్పుడూ జీతం తక్కువున్న వైపే పడుతోంది, అవతలి చెవికి ఆ ఒక్క నిమిషం సాధన కూడా దక్కనివ్వడం లేదు.