రాజు తల పోయింది, పన్ను పోలేదు

మళ్ళీ వచ్చింది ఆ మెసేజ్. ఈసారి మా కాలనీ గ్రూపులో, పైన "తప్పక చదవండి, పది మందికి పంపండి" అని పెట్టి మరీ. పంపినవాళ్ళంతా చదువుకున్నవాళ్ళే. చూడనివాళ్ళ కోసం అందులో ఉన్నది క్లుప్తంగా చెప్తాను. 1215లో మాగ్నా కార్టాతో ఇంగ్లాండ్‌లో సామాన్యుడికి పన్నుల నుంచి రక్షణ దొరికిందట. ఒకటో చార్లెస్ దాన్ని తుంగలో తొక్కి నడ్డి విరిచే పన్నులు వేశాడట. జాన్ హాంప్‌డెన్ అనే ఒక్క మనిషి "కట్టను" అంటే దేశమంతా ఆయన వెనక నిలబడి రాజుని ఉరి తీసిందట. గెలిచిన పార్లమెంటు పన్నులన్నీ ఎత్తేసి, ఊళ్ళ పెత్తనం ఊళ్ళకే అప్పగించి, కోర్టుల్ని ప్రజల భాషలోకి తెచ్చిందట. ఇక ఆఖరున అసలు సంగతి: కాబట్టి మన వీధి మొత్తం ఒక్కటై ఇంటిపన్ను ఆపేస్తే పంచాయతీ దిగొస్తుంది.

తేదీలు తప్పయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. పార్లమెంటు పన్నులన్నీ ఎత్తేసిందన్న ఆ ఒక్క మాట నన్ను కూర్చోబెట్టింది. జరిగింది దానికి పూర్తిగా తలకిందులు, పైగా ఆ అబద్ధం మీదే చివరి సలహా మొత్తం నిలబడి ఉంది.

ముందు చిన్నవి తేల్చేద్దాం. మాగ్నా కార్టా సామాన్యుడి కోసం రాసింది కాదు, జాన్ రాజుతో పోట్లాడిన భూస్వాములు తమ కోసం రాయించుకున్నది. అదే ఏడాది ఆగస్టులో పోప్ దాన్ని చెల్లదన్నాడు. తర్వాత మళ్ళీ జారీ చేసినప్పుడు, అందరి సలహా తీసుకోకుండా కొన్ని పన్నులు వేయకూడదన్న షరతునే అందులోంచి తీసేశారు. రాజుని ఉరి తీయలేదు, 1649 జనవరి 30న వైట్‌హాల్‌లో బాంక్వెటింగ్ హౌస్ బయట తల నరికారు. అదీ పార్లమెంటు మొత్తం కలిసి చేసింది కాదు. అంతకుముందు డిసెంబరులో కర్నల్ ప్రైడ్ సైనికులతో వచ్చి, రాజుతో రాజీకి ఒప్పుకునే సభ్యుల్ని గుమ్మం దగ్గరే ఆపేశాడు, మిగిలినవాళ్ళు చేసిన పని అది. ఇవి ఇక్కడితో వదిలేస్తున్నాను.

హాంప్‌డెన్ గురించి మాత్రం కాస్త చెప్పాలి, ఎందుకంటే ఆయన్ని ఈ మెసేజ్ వాడుకున్న తీరు అన్యాయం. షిప్ మనీ అనే పన్ను మొదట యుద్ధ ఓడల కోసం తీరప్రాంతాల మీద వేసేది. చార్లెస్ 1634లో తీరంలో వసూలు చేసి, 1635లో సముద్రం ఎలా ఉంటుందో కూడా తెలియని లోపలి కౌంటీల (మన జిల్లాల్లాంటివి) మీదా వేశాడు. అప్పటికి 1629 నుంచి ఆయన పార్లమెంటుని పిలవనేలేదు. బకింగ్‌హామ్‌షైర్‌లో పెద్ద భూస్వామి అయిన హాంప్‌డెన్‌కి స్టోక్ మాండెవిల్‌లో ఉన్న భూమి మీద కేసుకెక్కిన మొత్తం ఎంతో తెలుసా? ఇరవై షిల్లింగులు. ఒక్క పౌండు. ఆయనకి అది లెక్కలోది కాదు. నడ్డి విరిచే పన్ను అని మెసేజ్ అంటుంది గానీ, ఆ ఒక్క పౌండుతో ఎవరి నడ్డీ విరగలేదు. గొడవ అది కాదు. దేశానికి ఆపద వచ్చిందని రాజు ఒక్కడే తేల్చి, ఆ పేరుతో ఎవరి ఒప్పుదలా లేకుండా డబ్బు తీసుకోవచ్చా అన్నది ఆయన అడిగిన ప్రశ్న. ఆ ప్రశ్న పట్టుకుని కోర్టులో నిలబడ్డాడు. పన్నెండు మంది న్యాయమూర్తుల్లో ఏడుగురు రాజు వైపు, ఐదుగురు ఆయన వైపు చెప్పారు. ఓడిపోయాడు. కానీ ఆ ఐదుగురి మాట దేశమంతా పాకింది, ఆ తర్వాతే కట్టకపోవడం పెరిగింది.

అంటే దేశమంతా మొదటి రోజు నుంచీ ఆయన వెనక నిలబడలేదు. మొదటి ఏళ్ళలో దాదాపు అంతా వసూలైంది. లండన్‌కి వెళ్ళిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం రాజు హక్కు గురించి కాదు, "పక్క ఊరికి తక్కువ వేసి మాకు ఎక్కువ వేశారు" అని. కౌంటీకి ఇంత అని పైనుంచి మొత్తం నిర్ణయిస్తే దాన్ని ఊళ్ళకి పంచే పని ఆ కౌంటీలో రాజు అధికారి అయిన షెరీఫ్‌ది, బాకీ పడితే ఆయనే జవాబుదారీ. ఆయన ఊరి కానిస్టేబుల్ మీద పడేవాడు. ఆ కానిస్టేబుల్‌కి జీతం లేదు, ఆ ఏడాది వంతు వచ్చింది కాబట్టి చేస్తున్న రైతు. రేపు అదే ఊళ్ళో బతకాల్సిన మనిషి, పక్కింటివాడి ఆవుని తోలుకెళ్ళాలి. కొన్నేళ్ళకి చాలామంది ఆ పనికే ఎదురుతిరిగారు. 1640 వచ్చేసరికి వసూలు కుప్పకూలింది, 1641లో పార్లమెంటు షిప్ మనీ చెల్లదని చట్టం చేసింది. ఇంతవరకూ మెసేజ్‌కి దగ్గరగానే ఉంది, ఒప్పుకుంటాను.

ఇప్పుడు వస్తాను ఆ మాటకి. "గెలిచిన పార్లమెంటు పన్నులన్నీ ఎత్తేసింది."

1642లో రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం మొదలయ్యాక పార్లమెంటు సరుకుల మీద ఎక్సైజ్ వేయబోతోందని పుకారు పుట్టింది. ఆ అక్టోబరులో పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ ఏమందంటే, ఇవి తప్పుడు పుకార్లు, పుట్టించినవాళ్ళని పట్టుకుని శిక్షించాలి అని తీర్మానించింది. మరుసటి ఏడాది జులైలో ఎక్సైజ్ వేసింది. ఏడాది కూడా ఆగలేదు. బీరు, సైడర్, పొగాకు, ఇంకా ఎన్నో సరుకుల మీద. 1644లో మాంసం, ఉప్పు కూడా చేర్చారు. ఉప్పు! రాజు షిప్ మనీలో ఆస్తి లేనివాడి జోలికి పెద్దగా పోలేదు. పార్లమెంటు వేసిన ఈ సుంకం కూలివాడి గిన్నెలోకి, గ్లాసులోకి వచ్చింది. లెక్క తేల్చేదీ, తగాదా తీర్చేదీ ఆ ఎక్సైజ్ అధికారులే, జ్యూరీ లేదు. హాంప్‌డెన్ ఆ చట్టం రావడానికి నెల ముందు, 1643 జూన్‌లో, చాల్‌గ్రోవ్ దగ్గర యుద్ధంలో తగిలిన గాయాలతో చనిపోయాడు. ఆయన పేరు పెట్టి "పన్నులన్నీ పోయాయి" అని రాసేవాళ్ళు ఆ నెల రోజుల్లో ఏం జరిగిందో చూసుకోవద్దా?

ఎక్సైజ్ ఒక్కటే అయితే సరే. అసెస్‌మెంట్ అని ఇంకోటి తెచ్చారు, మొదట వారానికి, తర్వాత నెలకి. కౌంటీకి ఇంత అని మొత్తం నిర్ణయించి కిందికి పంచడం, అచ్చం షిప్ మనీ పద్ధతే. లెక్క చూడండి. షిప్ మనీ ఏడాదికి సుమారు 2,00,000 పౌండ్లు. రాజు తల తీసిన ఏడాది, 1649లో, అసెస్‌మెంట్ నెలకి 90,000 పౌండ్లు. ఏడాదికి లెక్కవేస్తే పది లక్షలు దాటుతుంది. కొన్నాళ్ళు నెలకి 1,20,000 కూడా చేశారు. అంటే రాజు ఏడాది పొడవునా అడిగిన దాని కంటే పార్లమెంటు మూడు నెలల్లో అడిగింది ఎక్కువ. దీన్ని ఎత్తేయడం అంటారా? వీటిపైన రాజు పక్షం వాళ్ళ ఆస్తుల జప్తు. జప్తైనవాడు జరిమానా కట్టి భూమి వెనక్కి తెచ్చుకోవాలి. ఇవన్నీ కౌంటీ కమిటీల చేతుల్లో నడిచాయి. 1645లో డోర్సెట్, విల్ట్‌షైర్, సోమర్సెట్ పల్లెల్లో రైతులు కర్రలు పట్టుకుని, రాజు సైన్యమైనా పార్లమెంటు సైన్యమైనా మా పశువుల జోలికొస్తే ఊరుకోం అని లేచారు. క్లబ్‌మెన్ అంటారు వాళ్ళని. హాంబుల్డన్ హిల్ మీద వాళ్ళని చెదరగొట్టింది రాజు కాదు, పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్.

ఒక చోట మాత్రం ఈ మెసేజ్‌కి నేను అనుకున్నదాని కంటే ఎక్కువే ఇవ్వాలి. జనం గట్టిగా ఎదురుతిరిగితే పన్ను పోతుంది అన్నది అబద్ధం కాదు. 1647 ఫిబ్రవరిలో లండన్ స్మిత్‌ఫీల్డ్ సంతలో మాంసం మీద ఎక్సైజ్ గొడవ అల్లరిగా మారి ఎక్సైజ్ ఆఫీసుని తగలబెట్టారు. ఆ జూన్‌లో మాంసం మీద, దేశంలో తయారయ్యే ఉప్పు మీద సుంకం తీసేశారు. కాకపోతే జనం తిరగబడింది పార్లమెంటు మీద. మెసేజ్ రాసినవాడు ఈ ఒక్క సంఘటన పెట్టి ఉంటే వాదన ఇంతకంటే బలంగా ఉండేది. పెట్టలేడు, ఎందుకంటే పెడితే పార్లమెంటు పన్నులన్నీ ఎత్తేసిందన్న కథ నిలవదు.

ఇంకా వినండి. 1654లో జార్జ్ కోనీ అనే వర్తకుడు, పార్లమెంటు ఒప్పుదల లేని సుంకం నేను కట్టను అన్నాడు. అచ్చంగా హాంప్‌డెన్ ప్రశ్నే. అప్పటికి దేశాన్ని ఏలుతున్నది క్రామ్‌వెల్, స్వయానా హాంప్‌డెన్‌కి మేనమామ కొడుకు. ఏం చేశాడు? కోనీ తరఫున వాదించిన ముగ్గురు లాయర్లని లండన్ టవర్‌లో పెట్టించాడు. ప్రధాన న్యాయమూర్తి రోల్ ఉద్యోగం వదులుకున్నాడు. చార్లెస్ అయినా హాంప్‌డెన్ లాయర్లని చివరిదాకా మాట్లాడనిచ్చాడు. ఆ మాట రాయడానికి నాకు ఇష్టం లేదు, చార్లెస్ మీద నాకు ఏ గౌరవమూ లేదు, కానీ జరిగింది అదే.

1660లో రాజరికం తిరిగొచ్చాక కూడా ఎక్సైజ్ పోలేదు. రాజు నుంచి భూమి పొందినవాళ్ళు చెల్లించాల్సిన పాత బాకీలు, వాళ్ళ మైనర్ వారసుల మీద రాజుకున్న హక్కులు రద్దు చేసి, వాటికి బదులుగా ఎక్సైజ్‌లో ఒక భాగాన్ని రాజుకి శాశ్వతంగా రాసిచ్చారు. భూస్వామి భారం దిగింది, బీరు తాగేవాడి నెత్తికెక్కింది. ఈ బేరం చేసింది పార్లమెంటే. 1662లో పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగుల చొప్పున పొయ్యి పన్ను కూడా వేసింది.

"ఊళ్ళ పెత్తనం ఊళ్ళకే" అన్న ముక్క. ఊళ్ళో పెత్తనం చేసింది జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే స్థానిక పెద్దమనుషులు. వాళ్ళని ఊరు ఎన్నుకోదు, పైనుంచి నియమిస్తారు. ఏడాదికి నాలుగుసార్లు కూర్చుని రోడ్ల నుంచి సారా దుకాణాల దాకా అన్నీ వాళ్ళే తేల్చేవాళ్ళు. 1601 చట్టం ప్రకారం ప్రతి పారిష్ (ఒక చర్చి కిందికొచ్చే ఊరు) తన బీదల కోసం తనే పన్ను వేసుకోవాలి, ఆ లెక్క చూసే ఓవర్సీర్లని నియమించేదీ ఆ జస్టిస్‌లే. ఈ పన్నుని షిప్ మనీ గొడవల్లో కూడా ఎవరూ ఎత్తేయమనలేదు, ఇది గుర్తుపెట్టుకోండి. అధికారుల్ని ఏటా ప్రజలే ఎన్నుకోవాలి, ఎక్సైజ్ పోవాలి అని నిజంగా అడిగినవాళ్ళు లెవెలర్లు. 1649 మే 1న ఆ డిమాండ్లు అచ్చేసేటప్పటికి లిల్‌బర్న్‌తో సహా వాళ్ళ నాయకులు నలుగురూ టవర్ జైల్లో ఉన్నారు, పెట్టించింది పార్లమెంటు. అదే నెలలో తిరగబడ్డ సైనికుల్లో ముగ్గుర్ని బర్‌ఫోర్డ్ చర్చి ఆవరణలో కాల్చేశారు. మెసేజ్‌లో పార్లమెంటు ఇచ్చిందని రాసినవి, అడిగినందుకు పార్లమెంటు జైల్లో పెట్టినవి. ఓపిక నశిస్తుంది, చెప్పండి నశించదా?

ఇక ఇంటిపన్ను. హాంప్‌డెన్ ఎగ్గొట్టలేదు, తన పేరుతో బయటికొచ్చి ఏ అధికారంతో అడుగుతున్నారని కోర్టులో అడిగాడు. పంచాయతీ పన్ను పెంచిందా? తీర్మానం కాపీ అడగండి, గ్రామసభలో లెక్క చదవమనండి, తప్పుంటే కోర్టుకి వెళ్ళండి, నేనూ వస్తాను, సంతకం ముందు నేనే పెడతాను. అంతేగానీ వీధి దీపానికి, మురుగుకాలవకి వెళ్ళే డబ్బు ఆపేసి దానికి ఆయన పేరు తగిలించకండి. ఆపేస్తే ముందు జీతం ఆగేది మన చెత్త ఎత్తే మనిషికి.

కోర్టుల భాష గురించి మెసేజ్ చెప్పింది మాత్రం నిజం. పూర్తిగా నిజం, నాకు ఆ కాలంలో అన్నింటికంటే ఇష్టమైన చట్టం అది. అప్పటిదాకా రికార్డులు లాటిన్‌లో, లాయర్ల పుస్తకాలు ఫ్రెంచి కలిసిన ఒక వింత భాషలో ఉండేవి, తన మీద ఏం రాశారో ముద్దాయికే తెలిసేది కాదు. 1650 నవంబరులో పార్లమెంటు అన్నీ ఇంగ్లీషులోనే ఉండాలంది. 1660లో రాజు రాగానే దాన్ని పక్కన పడేశారు, మళ్ళీ 1731లో చట్టం చేస్తే 1733 నుంచి అమలైంది. ఫార్వర్డ్ చేయాలనుకుంటే ఆ పాయింట్ ఒక్కటీ, ఈ తేదీలతో పంపండి.