కావలి స్టూడెంట్స్ "సేఫ్ సిట్టింగ్" మెసేజ్: ఒక్కో లైనుకీ నా సమాధానం

కాలేజీలు తెరిచిన ప్రతిసారీ కావలి కుర్రాళ్ళ ఫోన్లలో ఒక మెసేజ్ తిరగడం మొదలవుద్ది, "మన ఊళ్ళో స్టూడెంట్స్ సేఫ్‌గా సిట్టింగ్ వేసుకునే చోట్లు" అని. అందులో ఉండేది క్లుప్తంగా ఇదీ: బార్లో వయసు ఎవరూ అడగరు, తుమ్మలపెంట బీచ్ అయితే సూపర్, లేదంటే హైవే దాబా, బీరు అసలు మందు కిందకే రాదు, షాపు మూసేస్తే బెల్టు షాపు ఉండనే ఉంది, ఏదీ కుదరకపోతే రూమ్‌లో తాగి పడుకోండి పొద్దున్నే దిగిపోద్ది, అయినా నెల్లూరు జిల్లాలో ఇది మామూలే. మొన్న మా పిన్ని కొడుకు నాకే పంపించి "అన్నా, ఇది నిజమేనా" అని అడిగాడు. వాడు డిగ్రీ ఫస్టియర్, పద్దెనిమిది కూడా నిండలా. వాడికి ఫోన్లో గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తన్నా.

నేను కావలిలో ఐదేళ్ళు చదువుకున్నా, డిగ్రీ, ఆ తర్వాత విక్రమ సింహపురి యూనివర్సిటీ పీజీ సెంటర్. తాగడం తప్పు అని క్లాసు పీకడానికి రాలా, నేనూ అప్పుడప్పుడూ తాగుతా. నా కోపమంతా ఆ "సేఫ్" అనే మాట మీద.

మొదటిది వయసు సంగతి. ఆంధ్రాలో 21 నిండకుండా మందు అమ్మకూడదు, అది చట్టం. ఇప్పుడు లెక్క చూడండి, ఇంటర్ అయ్యేసరికి పదిహేడు, డిగ్రీ మూడేళ్ళు కలిపితే ఇరవై, అంటే డిగ్రీ చదివే వాళ్ళలో దాదాపు ఎవరికీ కాలేజీ వదిలేదాకా ఆ వయసు రాదు, బీటెక్ వాళ్ళకి ఫైనలియర్లో వచ్చుద్ది, పీజీ వాళ్ళలో ఎక్కువ మందికి మాత్రమే అడ్డు లేదు. మరి ఆ మెసేజ్ ఎవరికి పోతంది? ఫస్టియర్ గ్రూపుల్లోకి. "ఎవరూ అడగరు" అనేది చానా చోట్ల నిజమే, నన్నూ ఎవరూ అడగలా. పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక బార్‌కి పోయాం నలుగురం, మూత ముందే తీసిన సీసా తెచ్చి టేబుల్ మీద పెట్టాడు, బిల్లులో మేము చెప్పని స్టఫ్ రెండు ప్లేట్లు కలిపాడు. ఏందన్నా ఇది అంటే మా మొహాల వంక చూసి "ఆధార్ తీయండి ముందు" అన్నాడు. నోరు మూసుకుని కట్టి వచ్చాం. వయసు అడగని చోట అడగాల్సినప్పుడు మాత్రం అడుగుతారు, మనకి గొడవ పెట్టుకునే హక్కు లేనప్పుడు.

తుమ్మలపెంట. బండి మీద పోతే ఎంతో సేపు పట్టదు, గాలి బాగుంటది, కాదనను. కానీ బహిరంగంగా తాగితే కేసు అనేది పక్కన పెట్టినా, తాగి నీళ్ళల్లోకి దిగకుండా ఒడ్డునే కూర్చుని వచ్చిన బ్యాచ్‌ని నేను చూడలా. అల వెనక్కి లాగేటప్పుడు కాళ్ళ కింద ఇసుక జారిపోద్ది, ఈత బాగా వచ్చిన వాళ్ళే ఒక్కోసారి నిలదొక్కుకోలేరు, ఇక మందు మీద ఉన్నోడికి తను యాడ నిలబడ్డాడో కూడా తెలియదు. చీకటి పడ్డాక ఒకడు లోపలికి పోతే అరుపు కూడా వినపడదు ఆ హోరులో.

ఇంకో సంగతి ఉంది, దీన్ని ఎవరూ రాయరు. ఒక ఆదివారం పొద్దున్నే ఆరింటికి బీచ్‌కి పోయా, అప్పుడు జాలర్లు అలివి వల లాగుతున్నారు, అటు పది మంది ఇటు పది మంది తాడు నడుముకి ఆనించుకుని వెనక్కి వెనక్కి నడుస్తా ఉంటారు, వెనక్కి నడిచేటప్పుడు కింద చూసుకోలేరు కదా, అందరూ ఉత్తకాళ్ళే. ఒక పెద్దాయన ఉన్నట్టుండి కూలబడ్డాడు. మడమలో గోధుమరంగు బీరు సీసా పెంకు, వేలెడంత, నిలువుగా దిగబడి ఉంది. ఆయన ఎవర్నీ తిట్టలా, పీకి అవతల పారేసి తువ్వాలు కట్టుకుని మళ్ళీ తాడు పట్టుకున్నాడు. ముందు రోజు రాత్రి ఆ చోట కూర్చున్న వాళ్ళు మా హాస్టల్ వాళ్ళే అని నాకు తెలుసు. అది మన బీచ్ కాదు, వాళ్ళ పని చేసుకునే చోటు.

హైవే దాబా గురించి. సుప్రీంకోర్టు 2016 డిసెంబర్‌లో తీర్పు ఇచ్చింది, హైవేకి 500 మీటర్ల లోపు మందు షాపులు ఉండకూడదని, 20 వేల లోపు జనాభా ఉన్న ఊళ్ళకి దాన్ని 220 మీటర్లు చేశారు, మున్సిపాలిటీల లోపల తర్వాత సడలించారు. ఊరవతల రోడ్డు పక్క దాబాలో టేబుల్ మీద మందు పోస్తన్నారంటే అది చానా వరకు లైసెన్సు మీద పోసేది కాదనే అర్థం. సరే, అదీ వదిలేద్దాం. తిరిగి ఎట్టా వస్తారు? ఎన్‌హెచ్ 16 మీద, రాత్రి పదకొండుకి, ముగ్గురు ఒక బండి మీద, యూటర్న్ దూరం అని రాంగ్ రూట్లో. రోడ్డు పక్కన ఆపిన లారీకి వెనక లైటు వెలగదు, రిఫ్లెక్టర్ మీద అరంగుళం మట్టి ఉంటది, తాగనోడికే దగ్గరికొచ్చేదాకా కనపడదు. పోలీసులు పట్టుకుంటే మొదటిసారికి 10 వేల ఫైన్ లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పట్టుకుంటే అదృష్టం అనే నేను అనుకుంటా, ఆ రాత్రికి బండి ఆగిపోద్ది కాబట్టి.

ఇప్పుడు బీరు. "బీరు మందు కాదు" అనే మాటే అన్నిటికంటే ఎక్కువ మంది నమ్మేది, కాబట్టి లెక్క పూర్తిగా వేస్తా. మన దగ్గర కుర్రాళ్ళు తాగేది లైట్ బీరు కాదు, స్ట్రాంగ్, 8 శాతం దాకా ఉంటది. సీసా 650 మిల్లీలీటర్లు. అంటే ఒక్క సీసాలో 52 మిల్లీలీటర్ల ఆల్కహాల్. విస్కీ 42.8 శాతం, లార్జ్ పెగ్గు 60 మిల్లీలీటర్లు, అందులో ఉండేది 26 లోపు. అంటే ఒక్క స్ట్రాంగ్ బీరు రెండు లార్జ్ పెగ్గులు! మూడు బీర్లు తాగినోడు ఇంచుమించు హాఫ్ బాటిల్ విస్కీ లాగించినట్టు, కానీ వాడు మాత్రం "బీరే కదా మామా" అని బండి తాళం తీస్తాడు. చట్టం ప్రకారం రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపకూడదు. అరవై కిలోల కుర్రాడు గంటలో ఒక స్ట్రాంగ్ బీరు తాగితే 80కి అటూ ఇటూ తేలుద్ది. ఒక్క సీసాకే. ఒంట్లోంచి గంటకి పోయేది ఏడెనిమిది గ్రాములు, ఆ సీసాలో ఉండేది 41 గ్రాములు, కాబట్టి అది పూర్తిగా దిగడానికి ఐదారు గంటలు. మజ్జిగ, నిమ్మకాయ, స్నానం, బ్లాక్ కాఫీ, ఏదీ ఆ టైమ్‌ని ఒక్క నిమిషం కూడా తగ్గించదు.

బెల్టు షాపు గురించి ఎక్కువ చెప్పను. అందులో ఏం పోసి అమ్ముతున్నారో మనకి తెలిసే దారి లేదు. మందు దొరక్కపోతే దొరికింది తాగడం అనేది యాడికి పోద్దో ప్రకాశం జిల్లా కురిచేడులో చూశాం, 2020 లాక్‌డౌన్‌లో శానిటైజర్ తాగి పది మందికి పైగా పోయారు.

రూమ్ సంగతికి వస్తే, ఆ మెసేజ్‌లో నన్ను నిద్రపోనీయకుండా చేసిన లైను ఇదే. "తాగి పడుకుంటే దిగిపోద్ది". మా రూమ్‌మేట్ ఒకడు సెమిస్టర్ అయిపోయిన రోజు తాగి పడుకున్నాడు, వెల్లకిలా. మేము లైటు ఆపేసి బయట మెట్ల మీద కూర్చున్నాం. నేను మంచినీళ్ళ కోసం లోపలికి వస్తే గురక కాదు, ఏదో గరగరమని శబ్దం, బుడగలు వస్తన్నట్టు. లైటు వేస్తే నోటి నిండా వాంతి, బయటికి రాకుండా లోపలే నిలిచి ఉంది, పెదాలు రంగు మారినయ్. పక్కకి తిప్పి, వేళ్ళు పెట్టి తీసి, వీపు మీద చరిచాం. దగ్గు వచ్చిందాకా ఎంత సేపో నాకు గుర్తు లేదు. 108కి ఫోన్ చేద్దామంటే ఒకడు "వాళ్ళింట్లో తెలిసిపోద్ది రా" అన్నాడు, ఆ మాటకి మేము నిజంగా ఆలోచించాం, అది తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. చివరికి చేశాం. బతికాడు. తాగి స్పృహ లేనోణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, ఒక మనిషి మేలుకుని పక్కనే ఉండాలి, పిలిస్తే పలక్కపోయినా, ఊపిరి ఆగి ఆగి వస్తన్నా, ఒళ్ళు చల్లబడినా వెంటనే 108, ఇంట్లో సంగతి తర్వాత.

ఇక "మన జిల్లాలో మామూలే" అనేది. సారా వద్దని రాష్ట్రం మొత్తాన్ని కదిలించింది మన నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతో పాటు అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు మొదలుపెట్టారు, సారా వేలంపాటలు జరగనియ్యకుండా అడ్డం పడ్డారు, 1993 ఏప్రిల్‌లో ముందు మన జిల్లాలో సారా ఆపారు, అదే ఏడాది అక్టోబర్‌లో రాష్ట్రమంతా. 1995లో మొత్తం మద్య నిషేధం వచ్చి, రెండేళ్ళకి ఎత్తేశారు, అది వేరే కథ. మా అమ్మమ్మ ఆ రోజుల్లో సారా ప్యాకెట్ల గోతాన్ని వీధిలోకి లాగి పొరకకట్ట పట్టుకుని నిలబడ్డ మనిషి. ఈ జిల్లాలో మామూలు ఏదో ఆమెని అడగాలి.

ఒక్కటి మాత్రం ఆ మెసేజ్ రాసినోడితో ఒప్పుకుంటా. ఈ ఊళ్ళో రాత్రి తొమ్మిది దాటితే స్టూడెంట్స్ నలుగురు కూర్చోవడానికి చోటు లేదు. ట్రంక్ రోడ్డులో దోసె బండి దగ్గర నిలబడి తినాలి, స్టేషన్ దగ్గర టీ తాగితే రెండో టీ చెప్పకుండా కూర్చోనియ్యరు. 1950ల నుంచి కాలేజీలు ఉన్న ఊరు ఇది, పిల్లలకి ఓ గది, ఓ కేరమ్ బోర్డు, పదకొండు దాకా తెరిచి ఉండే రీడింగ్ రూమ్ ఉంటే సగం మంది ఆ బీచ్‌కి పోరు.

21 దాటిన వాళ్ళు తాగాలనుకుంటే లైసెన్సు ఉన్న బార్, సీలు మీ ముందు తీసిన సీసా, కడుపు నిండా తిండి, బండి రూమ్ దగ్గరే వదిలి ఆటో. 21 నిండని వాళ్ళకి ఈ ఊళ్ళో సేఫ్ చోటు లేదు, ఉందని రాసినోడు అబద్ధం రాశాడు.

మా బ్యాచ్ వాళ్ళం ముగ్గురం ఇంకా కావలిలోనే ఉన్నాం, పీజీ సెంటర్లో సీనియర్లని ఎవర్ని అడిగినా మా నంబర్లు ఇస్తారు. రాత్రి రెండింటికి ఎవరైనా ఇరుక్కుంటే ఫోన్ చేయండి తమ్ముళ్ళూ. ఆటో కట్టించుకుని వస్తాం, తిట్టం.