ముప్పై మిల్లీలీటర్ల పాండిత్యం

తెలుగువాళ్ళు చదవడం మానేశారని బాధపడేవాళ్ళు ఒక్కసారి ఏ కాస్మెటిక్స్ షాపుకైనా వెళ్ళి పక్కన నిలబడి చూడాలి. ఫ్లాటు రిజిస్ట్రేషన్ కాగితాల మీద చదవకుండా సంతకం పెట్టినవాళ్ళూ, ఇన్సూరెన్స్ పాలసీని కవరు చింపకుండానే బీరువాలో దాచినవాళ్ళూ అక్కడ ముఖానికి రాసుకునే 30 మిల్లీలీటర్ల సీరం సీసాను కంటికి ఆనించి మరీ చదువుతుంటారు. కనిపించకపోతే ఫోనులో ఫొటో తీసి, పెద్దది చేసి, పొల్లు పోకుండా చదువుతారు. ఇంతటి అక్షరాస్యతను ప్రభుత్వం ఇంకా గుర్తించకపోవడం విచారకరం.

ఈ శాస్త్రంలో ప్రవేశం సులువే. సీసా ముందువైపు చూడకూడదు, అది పామరుల కోసం. వెనక్కి తిప్పి, పదార్థాల జాబితాలో మొదటి పేరు చూసి నుదురు చిట్లించాలి (చిట్లిస్తే ముడతలు పడతాయి, దానికి వేరే సీరం ఉంది). మొదటి పేరు సాధారణంగా ఆక్వా, అంటే నీళ్ళు. “అక్కా, ఫస్టే ఆక్వా రాశాడు, ఇది వద్దు” అని తీర్పు చెప్పినవాళ్ళే, పక్క సీసాలో కలబంద రసం మొదట ఉందని సంతోషంగా బిల్లు కడతారు. ఆ రసం చాలాసార్లు కలబంద పొడిని నీళ్ళలో కలిపి చేసిందే. నీళ్ళు ఎక్కడికీ పోలేదు, పేరు మార్చుకుని వచ్చి కూర్చున్నాయి, అంతే.

అసలు పాఠం ఆ తర్వాత మొదలవుతుంది. దాని పేరు ఒక శాతం గీత. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ఏమంటాయంటే, 1 శాతం కన్నా ఎక్కువున్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకి వరుసగా రాయాలి. 1 శాతమో, అంతకన్నా తక్కువో ఉన్నవాటిని మాత్రం ఆ తర్వాత ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. ఇది అర్థం కావాలంటే మన పెళ్ళి శుభలేఖ చూస్తే చాలు. పైన తాతయ్య, నాయనమ్మ, తర్వాత తల్లిదండ్రులు, అక్కడ వరుస తప్పితే పెళ్ళే ఆగిపోతుంది. కింద “మా బాబాయి పెళ్ళికి తప్పక రండి” అంటూ అచ్చయ్యే చిన్నపిల్లల పేర్ల దగ్గర ఏ వరుసా ఉండదు. ప్రూఫు దిద్దే రోజు ప్రెస్సు దగ్గర ఎవరి అమ్మ ఉంటే వాళ్ళ పిల్లాడి పేరు ముందుంటుంది.

కంపెనీకి ఈ సంగతి మన కన్నా బాగా తెలుసు. అందుకే కింది వరుసలో కుంకుమపువ్వు, తామరపువ్వు, బంగారం ముందుకొచ్చి నిలబడతాయి. వాటి వెనక సరుకు పాడవకుండా వేసే ప్రిజర్వేటివ్, జిగురు కోసం వేసిన జాంతన్ గమ్, పులుపు సరిచేసే నిమ్మఉప్పు తలొంచుకుని ఉంటాయి. ముందున్న కుంకుమపువ్వు సీసా మొత్తానికి ఒక్క రేకంత పడిందో లేదో ఆ జాబితా చెప్పదు. చెప్పాల్సిన అవసరం కూడా చట్టం పెట్టలేదు.

పండితులు దీనికీ విరుగుడు కనిపెట్టారు. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్‌ను యూరప్ చట్టం 1 శాతం దాటనివ్వదు. కాబట్టి జాబితాలో ఆ పేరు ఎక్కడుందో వెతికి, దాని కింద ఉన్నవన్నీ ఉత్తివే అని కొట్టేయాలి. చూడటానికి చక్కటి తర్కం.

“పిన్నీ, ఇందులో ముడతలకని వేసే రెటినాల్ ఫినాక్సీఇథనాల్ కన్నా కింద ఉంది. మోసం.”

“అంతేనంటావా అమ్మా?”

“అంతే పిన్నీ. పైన ఉన్నది చూసి తీసుకుందాం.”

పిన్నిగారి అదృష్టం బాగుండి అలాంటిది దొరకలేదు. ముఖానికి రాసే వాటిలో రెటినాల్ 0.3 శాతం మించకూడదని యూరప్ 2024లో నిబంధన పెట్టింది. అంటే ఆ చట్టం పాటించే సీసాలో రెటినాల్ ఒక శాతం గీత కిందే ఉండాలి. చర్మానికి తేమ కోసం వేసే హయలురానిక్ యాసిడ్‌ది కూడా ఇదే కథ. అది 1 శాతానికే చిక్కటి జిగురవుతుంది, పది శాతం వేస్తే డ్రాపర్‌లోకి ఎక్కదు. కింద ఉన్నవాళ్ళందరూ పనికిరానివాళ్ళని తేల్చడం మన సమాజానికి కొత్తేం కాదు గానీ, రసాయనాల మీద కూడా రుద్దడం కొంచెం ఎక్కువే.

ఇక శాతాల మోజు గురించి ఎంత చెప్పినా తక్కువే. పరీక్షలో 98 వస్తే మిగతా రెండూ ఏమయ్యాయని అడిగే జాతి మనది. అలాంటి మనకు 5 శాతం నియాసినమైడ్ ఎలా ఆనుతుంది? పరిశోధనల్లో ఎక్కువగా వాడింది 2 నుంచి 5 శాతమే. అయినా పది లేనిది సీరమే కాదన్నట్టు మార్కెట్ నడుస్తోంది. పది రాసుకుని ముఖం మంట పుడితే “పనిచేస్తోంది” అని ఓర్చుకుంటారు.

ఈ నియాసినమైడ్‌కు మన నేలతో పాత పరిచయం ఉందని మాత్రం ఏ సీసా మీదా రాయరు. అది విటమిన్ బీ3. మూడు పూటలా జొన్నే తిని బతికిన దక్కన్ పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి, పొరలు ఊడిపోయే జబ్బు. హైదరాబాదులో పోషకాహార శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య దాని మీద పనిచేసి, 1960లో జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం వైపు వేలు చూపించారు. ఆ జబ్బుకు వాడిన విటమిన్ ఇదే. తిండి చాలని మనిషికి మందుగా మింగించినదాన్ని, తిండి ఎక్కువై జిమ్ముకు వెళ్తున్న మనం చుక్కలు లెక్కపెట్టి చెంపలకు అద్దుకుంటున్నాం. దీన్ని ప్రగతి అనే అనాలి, వేరే మాట దొరకడం లేదు.

జాబితా చెప్పనివి ఇంకా ఉన్నాయి. విటమిన్ సీ సీరంలో ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ అని రాసి ఉంటుంది. అది చర్మంలోకి దిగాలంటే ద్రవం పులుపును కొలిచే పీహెచ్ 3.5 కన్నా తక్కువ ఉండాలి, ఆ అంకె ఎక్కడా ఉండదు. వెలుతురు, వేడి, గాలి తగిలితే అది పాడై ముదురు రంగుకు తిరుగుతుంది. మే నెలలో రెంటచింతల ఎండలో డెలివరీ వ్యాను ఎన్ని గంటలు ఆగిందో కూడా ఉండదు. జాబితా మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

అలాగని చదవడం దండగ అనను. చర్మం మీద కొద్దిగా పెట్టి చూసే ప్యాచ్ టెస్టు చేసి చర్మ వైద్యులు ఫలానాది నీకు పడదని చెప్పినవాళ్ళకు ఆ చిన్నక్షరాలే రక్ష. ముఖ్యంగా సువాసనల విషయంలో. పర్ఫ్యూమ్ అన్న ఒక్క మాట వెనక పదుల కొద్దీ పదార్థాలు దాక్కోవచ్చు, అందుకే యూరప్ లినలూల్ లాంటి కొన్నిటిని పేరుపెట్టి రాయమంటుంది. కాకపోతే ఏ పరీక్షా లేకుండా లినలూల్ పేరు చూసి సీసాను దూరంగా పెట్టి, జడలో రెండు మూరల మల్లెపూలు తురుముకుని బయల్దేరేవాళ్ళను చూస్తే ముచ్చటేస్తుంది. మల్లెల ఘుమఘుమలో పెద్ద వాటా ఆ లినలూల్‌దే. సాయంత్రం అదే చేత్తో బండి దగ్గర మిర్చి బజ్జీ తింటారు. ఆ మూకుట్లో నూనె ఏమిటో, ఏ వారం పోసిందో అడిగిన పండితుణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఇన్ని సీరాలూ వరుసగా పూసుకున్నాక సన్‌స్క్రీన్ మాత్రం జిడ్డుగా ఉంటుందని మానేస్తారు. పదకొండు గంటలకు స్కూటీ తీసి, ఎండకు భయపడి కళ్ళు మాత్రం కనిపించేలా ముఖమంతా చున్నీ చుట్టుకుంటారు. రోజు మొత్తంలో ఆ చర్మానికి జరిగే పెద్ద మేలు ఆ చున్నీయే కావచ్చు. దానికీ ఒక లేబుల్ ఉంది: “రంగు పోవచ్చు, మొదటిసారి విడిగా ఉతకండి” అని. అది మాత్రం ఎవరూ చదవరు, ఇంట్లో తెల్ల చొక్కాలు గులాబీ రంగుకు తిరిగేదాకా.