ఎనిమిదో సెక్షన్ గారికి, ఒక అనర్హుడి విన్నపం

మహారాజశ్రీ ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951, ఎనిమిదో సెక్షన్ గారి సముఖానికి, బెజవాడ పటమట నుంచి నమస్కరించి రాసుకునేది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమమేనని తెలుస్తూనే ఉంది. నేరం రుజువైనవాణ్ణి ఎన్నికల పోటీకి అనర్హుణ్ణి చేసే తమరిని పుస్తకంలోంచి ఎవరూ కదపడం లేదు కదా.

అనర్హుడు అని ఊరికే రాసుకోలేదు. మొన్న శనివారం సాయంత్రం 5 గంటల 12 నిమిషాల నుంచి అది నా హోదా. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో సెక్రటరీ పదవికి నిలబడదామనుకున్నాను. లిఫ్ట్ రిపేరుకని ఫ్లాటుకి 1,500 వేశారు. బాగుచేశాక ఇస్తానన్నాను. అది బాగవలేదు, నేను ఇవ్వలేదు. బాకీ ఉన్నవాడు పోటీకి పనికిరాడని బైలాలో ఉందట. సరే, గొడవెందుకు, ఐదు లోపు కట్టేసి కాగితం ఇచ్చేద్దామని గవర్నర్‌పేటలో మూడింటికే బండి తీశాను. బెంజ్ సర్కిల్ చేరేసరికి ఊరేగింపు. ఇక చెప్పక్కర్లేదు, మీకు కాళ్ళు లేవుగానీ ఉంటే ఆ రోజు మీరూ అక్కడే ఇరుక్కునేవారు.

ఫోన్లో కడదామంటే అంత జనంలో సిగ్నల్ ఎక్కడిది? తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంది. చివరికి నాలుగంతస్తులూ మెట్లెక్కి ట్రెజరర్ గారి తలుపు కొడితే, "ఏమీ అనుకోకండి అన్నయ్య గారూ, టైమైపోయింది. రూలంటే రూలే కదా" అన్నారావిడ. మంచినీళ్ళు కూడా ఇచ్చారు.

ఆ రెండు గంటలూ నేను ఊరికే నిలబడలేదు, ఉపన్యాసం విన్నాను. ఓపెన్ టాప్ వ్యానులో నాయకుడు గారు. ఫలానా పేటలవాళ్ళ ఓట్లు నాకక్కర్లేదు, గెలిచాక వాళ్ళని సామాన్లతో సహా ఊరవతల దింపుతాను, అడ్డమొచ్చినవాళ్ళ సంగతి మా కుర్రాళ్ళు చూసుకుంటారు. జనం ఈలలు. నా పక్కన ఆటో అతను తల దించుకుని మీటర్ తుడుచుకుంటున్నాడు. అతనిది ఆ పేటే అయ్యుంటుంది. 88 డిసెంబరులో రంగా హత్య తర్వాతి అల్లర్లు చూసిన ఊరండీ ఇది. మైకులో అన్న మాట మైకులోనే ఉండిపోదని మాకెవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చి తమరిని తీసి చదివాను. చదివి ఆశ్చర్యపోయాను. వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడమనే నేరం, పాత శిక్షాస్మృతిలో 153ఏ, తమరి జాబితాలో మొట్టమొదటి పేరు! ఆ కేసులో దోషి అని తేలితే చాలు, జైలు పడకపోయినా, ఒట్టి జరిమానాతో బయటపడినా, ఆరేళ్ళు పోటీ లేదు. జైలు పడితే విడుదలయ్యాక ఇంకో ఆరేళ్ళు. అంటే తమరికి పళ్ళున్నాయి. (ఆ నేరానికి ఇప్పుడు, శిక్షాస్మృతి బదులొచ్చిన న్యాయ సంహితలో, 196 అని కొత్త నంబరిచ్చారు. ఇంటి నంబరు మారితే దశ తిరుగుతుందని కొందరి నమ్మకం.)

కానీ దోషి అని తేలాలి. తేలాలంటే కోర్టు ఆ కేసు చేపట్టాలి. చేపట్టాలంటే ముందు ప్రభుత్వం అనుమతివ్వాలి. సెక్షన్ గారూ, నాకు రెండు రాత్రులుగా నిద్ర పట్టనిది ఇక్కడే. జేబు కొట్టినవాణ్ణి విచారించడానికి ఏ ప్రభుత్వాన్నీ అడగక్కర్లేదు. బీసెంట్ రోడ్డు పక్కన పెట్టిన నా బండిని ఎత్తుకెళ్ళడానికి సచివాలయం నుంచి కాగితం రానక్కర్లేదు. మనుషుల్ని ఊళ్ళోంచి వెళ్ళగొడతానని మైకు పట్టుకుని చెప్పినవాడి ఫైలు మాత్రం మెట్లెక్కాలి, సంతకం కోసం చెయ్యి చాపాలి. ఎవరి సంతకం? ఆయన పార్టీ అధికారంలో ఉంటే ఆయన పక్క కుర్చీవాడిది. కాబట్టి ఫైలు పడుకుంటుంది. ప్రభుత్వం మారగానే ఫైలు ఒళ్ళు విరుచుకుని లేస్తుంది. అప్పుడు ఆయన కండువా మారుస్తాడు. ఫైలు మళ్ళీ పడుకుంటుంది. ఇంత మంచి నిద్ర ఈ రాష్ట్రంలో ఇంకెవరికీ లేదండీ. ఈలోపు ఆయన మూడుసార్లు నామినేషన్ వేశారు. వేసిన ప్రతిసారీ రాజ్యాంగానికి విధేయుణ్ణని ప్రమాణం చేశారు. అభ్యర్థి చేత ఆ ప్రమాణం చేయించడం 1963 రాజ్యాంగ సవరణతో వచ్చింది. నోరు తిరిగినవాడికి అదెంతసేపు?

అనర్హత వేటు వెయ్యడం మనకి చేతకాదా అంటే, ఎందుకు కాదు! 1994 పంచాయతీరాజ్ చట్టం మూడో బిడ్డ పుట్టినవాణ్ణి వార్డు మెంబరుకి కూడా పనికిరానివాణ్ణి చేసింది. 2024 నవంబరులో అసెంబ్లీ దాన్ని తీసేసేదాకా అదే రూలు. మా పెదనాన్న కొడుకు మూడో పాపని ఎత్తుకుని మురిసిపోతూనే సర్పంచ్ ఆశ వదులుకున్నాడు. ఆ పాప విషయంలో ఎవరూ ప్రభుత్వ అనుమతి అడగలేదు. బర్త్ సర్టిఫికెట్ సరిపోయింది.

సుప్రీంకోర్టు వారికీ ఒక దండం. ఛార్జిషీటు పడ్డవాళ్ళని పోటీకి రాకుండా ఆపడం మా పని కాదు, పార్లమెంటు చట్టం చేసుకోవాలన్నారు 2018లో. ఎవరి మీద చట్టమో వాళ్ళనే చెయ్యమన్నారు. 2020లో, కేసులున్నవాడికి టికెట్ ఎందుకిచ్చారో పార్టీలు 48 గంటల్లో చెప్పాలన్నారు, గెలుస్తాడనే ఒక్క కారణం చాలదన్నారు. పార్టీలకి భాష కొదవా?

మా బావమరిది అంటాడు, జర్మనీలో అయితే పార్టీకే తాళం వేస్తారు బావా అని. వేశారు, 1952లో ఒకదానికి, 56లో ఇంకోదానికి. 2017లో మాత్రం ఒక పార్టీ గురించి, దీని ఉద్దేశాలు రాజ్యాంగానికి విరుద్ధమేగానీ నెరవేర్చుకునేంత బలం లేదు పొమ్మని వదిలేశారు. బలం వచ్చాక తాళం వేసేదెవరో మరి. టర్కీలో ఒక మేయరు సభలో పద్యం చదివాడని 1998లో శిక్ష వేసి, పోటీకి పనికిరాడన్నారు. 2003 మార్చికల్లా ఆయన ప్రధానమంత్రి. పేరు ఎర్డోగాన్, తర్వాత అధ్యక్షుడయ్యాడు, ఇప్పటికీ దిగలేదు.

నిజం చెప్పొద్దూ, బెంజ్ సర్కిల్ ఎండలో నేనూ అదే కోరుకున్నాను. తీర్పు గీర్పు ఎందుకు, పేరు కొట్టెయ్యండి చాలు అనుకున్నాను. తర్వాత మా తాతయ్య గుర్తొచ్చాడు. మద్రాసు ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీని నిషేధించిన రోజుల్లో ఆయన కృష్ణా లంకల్లో దాక్కుని తిరిగాడు. అప్పుడు ఈ జిల్లాలో తీవ్రవాది అంటే ఆయనే. 1952లో ఆ పార్టీ మద్దతిచ్చిన హరీంద్రనాథ్ చటోపాధ్యాయని ఇదే బెజవాడ లోక్‌సభకి పంపింది. నల్గొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లొచ్చాయి. అజ్ఞాతంలో తిరిగిన సుందరయ్య 1955లో గన్నవరం నుంచి అసెంబ్లీకి వెళ్ళాడు. పేరు కొట్టేసే పెన్ను ఆనాడు ఎవరి చేతిలోనైనా ఉండుంటే వీళ్ళ పేర్లే ముందు పోయేవి. ఇప్పుడు ఆ పెన్ను ఎవరి చేతికివ్వాలి? ఫైలుని పడుకోబెట్టిన చేతికేనా?

కాబట్టి కొత్త నిషేధాలేవీ నేను అడగడం లేదు. ఉన్న నువ్వు పని చెయ్యి. ఆ అనుమతి పీకి పారెయ్యమని చెప్పు. మైకులో అన్న మాట వీడియోలో ఉంది, విన్నవాళ్ళు వేలమంది ఉన్నారు, తప్పో ఒప్పో వచ్చే నామినేషన్ లోపు ఒక జడ్జి చెప్పలేడా? ఇన్నేళ్ళుగా జాబితా రాసుకుని కూర్చున్నావు, సిగ్గులేదూ? పదిహేను వందల బాకీకి పన్నెండు నిమిషాల్లో తీర్పొచ్చింది నాకు!

క్షమించాలి. బీపీ మనిషిని. తమరు తప్ప చెప్పుకునే దిక్కు లేక.

ఇట్లు,
తమ విధేయుడు,
పటమట అనర్హుడు

తా.క.: ఆ రాత్రి తొమ్మిదింటికి నా డబ్బు అసోసియేషన్‌కి జమైంది, రెండుసార్లు. ఎక్కువ కట్టింది కొత్త కమిటీ వచ్చాక సర్దుతామని ట్రెజరర్ గారు మెసేజ్ పెట్టారు. సెక్రటరీ ఎన్నిక ఏకగ్రీవం. లిఫ్ట్ డబ్బులు వసూలు చేసినాయనే.